కోశాధికారి కొన్న తాడు

హాస్టల్, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం
టర్ము మొదటి ఆదివారం

అత్తా,

నిలబడి చదువుతుంటే ముందు కూర్చో. నేను కోశాధికారినయ్యాను.

గాభరా పడకు, ప్రభుత్వానికి కాదు. మా యూనివర్సిటీ ఆడపిల్లల తాడులాగుడు క్లబ్బుకి. అలాంటి క్లబ్బు ఒకటుందని నాకూ మొన్నటిదాకా తెలీదు. వాన తప్పించుకుందామని జిమ్ము మెట్ల కింద గదిలోకి దూరాను. అక్కడ ఎనిమిది మంది పిల్లలు మీటింగు పెట్టుకుని ఉన్నారు. "కోశాధికారిగా ఎవరుంటారు?" అని ఎవరో అడిగిన క్షణానే నేను జుట్టు తుడుచుకుందామని చెయ్యెత్తాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలీక నేనూ కొట్టాను.

కెప్టెన్ని లంగరక్క అంటారు. వరసలో అందరికన్నా చివర నిలబడి తాడుని ఒంటికి చుట్టుకునే మనిషిని ఈ ఆటలో లంగరు అంటారట. చదివేది పశువైద్యం. ఆవు కడుపులోంచి దూడని లాగిన చేతులవి. ఆ చేత్తో నా వీపు మీద తట్టి, "నువ్వొచ్చావ్, ఇక మాకు దిగుల్లేదు" అంది. ఆ దెబ్బకి నాకు మాత్రం దిగులు మొదలైంది.

ఆరేళ్ళుగా ఈ క్లబ్బు పోటీలకి వెళ్తోంది. ఒక్కసారి కూడా, వీళ్ళ భాషలో ఒక్క 'లాగు' కూడా, గెలవలేదు. అక్కకి ఇదే ఆఖరి ఏడు. ఆటల ఆఫీసు అరవై వేలు మంజూరు చేసింది. దానికి బడ్జెట్ రాసి పది రోజుల్లో ఇవ్వాలి. కిందటేడు లెక్క సరిగ్గా ఇవ్వని రెండు క్లబ్బులు మూతపడ్డాయి. వాటి మైదానాల్లో ఇప్పుడు మోటారు సైకిళ్ళు నిలబడుతున్నాయి. పాత కోశాధికారి నాకు అప్పజెప్పిన లెక్కల పుస్తకం ఏమిటో తెలుసా? బిస్కెట్ ప్యాకెట్టు వెనకవైపు.

నువ్వు ముప్ఫై ఏళ్ళుగా స్టోరు నడుపుతున్నావు. నాకు దారి చెప్పు.

నీ కోడలు

•

కొండ మీద వాతావరణ కేంద్రం, స్టోరు గది
జీపు వచ్చిన రోజు

కోడలా,

మీ నాన్నకి చిన్నప్పుడు పెన్సిలు కొనుక్కోరా అని డబ్బిస్తే బొంగరం కొనుక్కొచ్చేవాడు. మళ్ళీ ఇస్తే దానికి తాడు కొనుక్కొచ్చేవాడు. ఆ ఇంట్లో కోశాధికారి పుట్టిందంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఆనందమో భయమో ఇంకా తేల్చుకోలేదు.

ఇక్కడి ఫోను గోడకి మేకు కొట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని తెలుసుగా. ఏదైనా ఉత్తరంలోనే అడుగు. వారానికోసారి జీపు వస్తుంది, పోతుంది. ఇక్కడ ఉన్నది ముగ్గురం: వాన రాకముందే వాన గురించి చెప్పే అధికారి, వాన వచ్చాక దాని గురించి మాట్లాడే వంటాయన, ఇద్దరి నోళ్ళూ మూయించే నేను.

ఇక విను. బడ్జెట్టు అంటే ఏం కొంటామో రాయడం కాదు. ఏడాదిలో ఏం చేస్తామో ముందు రాసుకోవాలి. పోటీకి వెళ్ళాలి కదా? అయితే ప్రయాణం మొట్టమొదట. అది మిగిలితే చూద్దాం అనుకునే ఖర్చు కాదు. తరవాత కాళ్ళకీ చేతులకీ ఏం కావాలో అడుగు. ఏ వస్తువుకైనా మూడు దుకాణాల్లో ధర రాయించుకో. మొత్తంలో పదో వంతు 'అనుకోనివి' అని పక్కన పెట్టు. దాని జోలికి ఎవరొచ్చినా చెయ్యి విరిచెయ్. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దులో కలపకు. ఖర్చు పెట్టిన రోజే రాయి. జ్ఞాపకశక్తి అనేది అప్పిచ్చినవాడికి ఉంటుంది గానీ ఖర్చు పెట్టినవాడికి ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం: తప్పు జరిగితే ఆ రోజే చెప్పు. దాచిన తప్పు మురగబెట్టిన గుడ్డు. పగిలాక దాచలేవు.

నీ అత్త

•

హాస్టల్, అదే మంచం
ఆరో వారం

అత్తా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పది మందికి ప్రయాణం ఇరవై నాలుగు వేలు: లాగేవాళ్ళు ఎనిమిది మంది, ఒక అదనపు ఆటగత్తె, బిల్లులు కట్టడానికి నేను. ఎనిమిది జతల బూట్లు పదహారు వేలు. పోటీ రుసుము ఆరు వేలు. మందుల పెట్టె రెండున్నర వేలు. ముప్ఫై అయిదు మీటర్ల తాడు, మీటరు నూట నలభై చొప్పున, నాలుగు వేల తొమ్మిది వందలు. మిగిలిన ఆరు వేల ఆరు వందలూ అనుకోనివి. అణాపైసలతో అరవై వేలకి సరిపోయింది.

ఆటల ఆఫీసు గుమాస్తా గారు మూడుసార్లు కూడి, ముద్ర కొట్టి, "ఈ ఆఫీసులో సరిపోయిన మొత్తం చూసి పదకొండేళ్ళయింది" అన్నారు. ఎప్పుడూ ముద్ర చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆయన్ని అందరూ ముద్రగారు అంటారు.

ఇక్కడంతా బాగానే ఉంది. వాతావరణం బాగుంది. చదువు బాగుంది. తాడు కూడా వచ్చింది. మంచి తాడు.

ఊరికే అడుగుతున్నాను, తాడు తేమకి సాగుతుందా? ఎంత సాగుతుంది? ఇంకోటి, మా బ్యాడ్మింటన్ క్లబ్బులో ఒకమ్మాయి అడగమంది: వెనక్కి తీసుకోని సరుకుని పుస్తకంలో ఏమని రాస్తారు? తొందరేం లేదు. ఈ వారం జీపుకే జవాబు పంపితే చాలు.

నీ కోడలు

•

స్టోరు గది
అదే వారం, జీపు హారను కొడుతుండగా

కోడలా,

బ్యాడ్మింటన్ వాళ్ళకి తాడుతో పనేంటి?

'మంచి తాడు' అని ఎందుకు రాశావు? ఎవరూ అడగలేదే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

ఎంత పొడవు?

అత్త

•

జిమ్ము మెట్ల కింద గది, తాడు మీద కూర్చుని
ఏడో వారం

అత్తా,

మూడు వందల యాభై మీటర్లు.

తిట్టడానికి ఊపిరి తీసుకునే లోపు మొత్తం చెప్పేస్తాను. ఆర్డరు కాగితం నింపేటప్పుడు లంగరక్క నా వెనక నిలబడి, "అయిందా? అయిందా?" అంటూ భుజం తడుతోంది. ముప్ఫై అయిదు రాశాను. ఒక తట్టుకి పక్కన సున్నా పడింది. దుకాణం వాడైనా అడగొచ్చు కదా? అడిగాడట. ఫోను చేస్తే అక్క ఎత్తి, "రాసింది రాసినట్టే పంపండి, మా కోశాధికారి లెక్కల పిల్ల" అందట. డబ్బు ఆటల ఆఫీసు ఖాతాలోంచి తిన్నగా వాడికి వెళ్ళిపోయింది. నలభై తొమ్మిది వేలు.

తాడు లారీలో వచ్చింది. మొదట చూసి, వేరే సరుకుతో పాటు మనదీ వేసుకొచ్చారనుకున్నాం. డ్రైవరు వెనక తలుపు తీసి, "ఇదంతా మీదేనమ్మా" అన్నాడు. గదిలోకి చుట్టలు చుట్టలుగా ఎక్కించేసరికి మాకే చోటు మిగల్లేదు. ఇప్పుడు మీటింగులు తాడు మీదే పెట్టుకుంటున్నాం. తల పైకెత్తితే మెట్లు తగులుతున్నాయి.

దుకాణానికి పరిగెత్తాను. "కోసిన తాడు, కొరికిన పండు వెనక్కి తీసుకోమమ్మా" అన్నాడు. ఏడ్చాను. మంచినీళ్ళిచ్చాడు. తాడు మాత్రం తీసుకోలేదు.

చేతిలో ఉన్నది పదకొండు వేలు. ప్రయాణం లేదు, బూట్లు లేవు. ముద్రగారికి ఇంకా తెలీదు. కానీ నా దగ్గర ఒక పథకం ఉంది. యూనివర్సిటీ మొత్తాన్నీ లాగిద్దాం! సైన్సు వాళ్ళు మూడు వందల మంది ఇటు, సాహిత్యం వాళ్ళు మూడు వందల మంది అటు. మనిషికి ఇంత అని టిక్కెట్టు. మైదానం చాలదు కాబట్టి తాడు వరండాలోంచి లైబ్రరీ దాకా వెళ్తుంది. ఒక కొసకి రెండో కొస కనపడదు, అదే అందులో ఉత్కంఠ. అక్కకి తెగ నచ్చింది. ఏమంటావు?

కోడలు

•

స్టోరు గది
జీపు ఆలస్యంగా వచ్చిన రోజు

కోడలా,

ఆపు.

ఆ తాడు ఇటు ఎనిమిది మందీ అటు ఎనిమిది మందీ లాగడానికి పేనింది. ఆరు వందల మంది లాగితే తెగుతుంది. తెగిన తాడు పాములా పోదు, కొరడాలా వెనక్కి కొడుతుంది. కొండెక్కక ముందు నేను ఓడరేవు గోదాములో పనిచేశాను. రెండు వేళ్ళు పోయిన మనిషితో కలిసి ఎనిమిదేళ్ళు సరుకు లెక్కపెట్టాను. ఆయన ఎనిమిది దాకానే వేళ్ళ మీద లెక్కపెట్టేవాడు. అప్పుడు నవ్వేదాన్ని, ఇప్పుడు నవ్వు రాదు. ఆ పథకాన్ని చింపి పొయ్యిలో పెట్టు. లంగరక్కని కూడా గట్టిగా కేకలెయ్యి. నా తరఫున వీపు మీద తట్టు.

రేపు పొద్దున్నే ఆటల ఆఫీసుకి వెళ్ళు. వాళ్ళు కనుక్కునే లోపు నువ్వే చెప్పు. జరిగింది జరిగినట్టు రాసి, సవరించిన బడ్జెట్టు జతచేసి ఇయ్యి. క్లబ్బు మూసేస్తారేమో అని భయం నీకు. దాస్తే తప్పకుండా మూసేస్తారు. చెప్తే సందేహమన్నా ఉంటుంది.

ఇక్కడ మంచు కాలం మొదలైంది. మా గదుల నుంచి గాలిమర స్తంభం దాకా మూడు వందల మీటర్ల దారి. రోజూ పొద్దున ఎవరో ఒకరు వెళ్ళి గాలి లెక్క రాసుకురావాలి. మంచు కమ్మిందంటే ముక్కు చివర కనపడదు. మొన్న మా అధికారి దారి తప్పి రెండు గంటలు తిరిగి చివరికి మేకల కొట్టంలో తేలాడు. పాపం పెద్దమనిషి. చదువుకున్నవాడు. ఆ దారి పొడుగునా పట్టుకుని నడవడానికి ఏదన్నా కడితే బాగుండు అని అందరం అనుకున్నాం, మూడు వందల మీటర్ల

కోడలా, ఇక్కడితో ఆపుతున్నాను. ఇకమీదట నేను నీకు ఉత్తరం రాయను. నువ్వూ నాకు రాయకు. కారణం అడక్కు.

అత్త

•

హాస్టల్
ఎనిమిదో వారం

అత్తా,

రాయొద్దన్నా రాస్తున్నాను. తప్పు చేసిన పిల్లకి తిట్లయినా మిగలాలి కదా? వాక్యం మధ్యలో వదిలేసి వెళ్ళిపోతారా ఎవరైనా? నేనేమన్నా తాడూ బొంగరం లేనిదాన్నా? పోనీ బొంగరం లేదేమో, తాడుకి మాత్రం లోటు లేదు.

ముద్రగారి దగ్గరికి వెళ్ళాను. కాగితం చదివి కళ్ళజోడు తీశారు. తుడిచి మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివారు.

"మూడొందల యాభై మీటర్లా! ఎవర్ని లాగుదామని?"

"తప్పయిపోయిందండీ. ఒక సున్నా ఎక్కువ పడింది."

"సున్నాకి విలువ లేదని ఎవరన్నారో గానీ, వాళ్ళు ఈ ఆఫీసులో పనిచెయ్యలేదు. మీ అంతట మీరే వచ్చారా, ఎవరన్నా పట్టుకొచ్చారా?"

"నా అంతట నేనేనండీ. మా అత్త చెప్తే."

ఆయన చేతిలోని ముద్ర పక్కన పెట్టారు. తరవాత కింది సొరుగులోంచి బూజు పట్టిన ఫారం తీశారు. విరిగిన కుర్చీలు అమ్ముకోవడానికి పెట్టిన ఫారం. 'కుర్చీ' అన్న చోటల్లా కొట్టేసి 'తాడు' అని రాసిచ్చారు. అవసరానికి మించి ఉన్నది సరైన ధరకి, దొంగచాటు లేకుండా, రాతపూర్వకంగా అమ్ముకోవచ్చట. టర్ము ఆఖరు వారం దాకా గడువు. అప్పటికి డబ్బు వెనక్కి రాకపోతే క్లబ్బు మూత.

బయటికొచ్చి లంగరక్కకి చెప్తే, "ఈ ఊళ్ళో అంత తాడు ఎవరు కొంటారే, అమ్మా?" అంది. మొదటిసారి వీపు తట్టలేదు. అది ఇంకా భయమేసింది.

నువ్వు ఎందుకు అలిగావో నాకు అర్థం కాలేదు.

కోడలు

•

వాతావరణ కేంద్రం, కొండ పైన
సంఖ్య: దారి భద్రత / 1

గౌరవనీయులైన కోశాధికారి గారికి, తాడులాగుడు క్లబ్బు,
ద్వారా: ఆటల ఆఫీసు

అయ్యా / అమ్మా,

మా కేంద్రంలో నివాస గదుల నుంచి గాలిమర స్తంభం వరకు మంచులో పట్టుకుని నడవడానికి మూడు వందల పదిహేను మీటర్ల లావు తాడు అవసరమైనది. ఇందునిమిత్తం రెండు దుకాణాలకు, మీ క్లబ్బుకు ధరల కోసం రాయడమైనది. ధర, నాణ్యత, సరుకు చేర్చే చోటు స్పష్టంగా తెలుపుతూ సీలు వేసిన కవరులో పంపగలరు.

గమనిక 1: మా స్టోరు అధికారిణి మీ కోశాధికారికి మేనత్త అయిన విషయం ఆమె స్వయంగా రాసి ఇచ్చారు. కావున కవర్లు తెరిచేటప్పుడు ఆమె గదిలో ఉండరు.

గమనిక 2: పై కారణం చేతనే కొన్ని ఉత్తరాలు ఆగినవి. అలకతో కాదు.

గమనిక 3: అంకెలు వేసేటప్పుడు సున్నాలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకోగలరు.

ఇట్లు,
కేంద్రాధికారి
(చేతిరాత స్టోరువారిది)

•

తాడులాగుడు క్లబ్బు, జిమ్ము మెట్ల కింద
ఆటల ఆఫీసు ద్వారా

కేంద్రాధికారి గారికి,

ఆర్యా,

తమ లేఖ అందినది. చదివి కోశాధికారి ఎగిరి గంతేయగా తలకు మెట్టు తగిలినది.

మా వద్ద అవసరానికి మించిన తాడు మూడు వందల పదిహేను మీటర్లు కలదు. మేము మీటరు నూట నలభైకి కొన్నాము. గదిలో ఉంచి దాని మీద కూర్చున్నందున మీటరు నూట పదికి ఇవ్వగలము. మొత్తం ముప్ఫై నాలుగు వేల ఆరు వందల యాభై. సున్నాలు నలుగురు లెక్కపెట్టినారు.

సరుకును కొండ కింద దింపము. గాలిమర స్తంభం దాకా మా ఆటగత్తెలే భుజాల మీద మోసుకొచ్చి ఇవ్వగలరు. దీనికి వేరే రుసుము లేదు. సాధన కిందికి వస్తుంది.

కవరు తెరిచేటప్పుడు గదిలో ఉండని వారికి మా నమస్కారాలు. అలక లేదని తెలిసి కోశాధికారి మూడు రోజుల తరవాత కడుపునిండా తిన్నది.

ఇట్లు,
కోశాధికారి

•

హాస్టల్
పన్నెండో వారం

అత్తా,

ఇక మామూలుగా రాయొచ్చు కదా? చెక్కు వచ్చింది, ముద్ర పడింది, వ్యవహారం ముగిసింది. దుకాణాల వాళ్ళ ధర మాకన్నా తక్కువేనట, కానీ కొండ మీదికి తెచ్చివ్వమంటే ఇద్దరూ చేతులెత్తేశారట. మీ అధికారి చెప్పారు.

మేము కొండెక్కిన రోజే నువ్వు జీపులో కిందికి దిగిపోయావు. దారిలో ఎదురుపడ్డప్పుడు మొహం అటు తిప్పుకున్నావు. నేను చెయ్యి ఊపాను. నిజానికి ఊపలేదులే, ఊపితే తాడు జారిపోయేది. తొమ్మిది మందిమి తలో చుట్ట భుజానేసుకుని, తాడు కొయ్యకుండా ఒకే వరసలో నడిచాం. మనిషికి ముప్ఫై కిలోల దాకా పడింది. నన్ను చూసి జాలిపడి అక్క నా చుట్టలో సగం తనే వేసుకుంది. సగం కొండెక్కేసరికి మంచు దిగింది. అందరికన్నా ముందు పిట్ట నడుస్తోంది. జట్టులో అందరికన్నా సన్నటిది, అందుకే ఆ పేరు. పిట్ట ఆగిందన్న వార్త ఒకరి నుంచి ఒకరికి చేరి చివరనున్న లంగరక్క ఆగేసరికి, పిట్ట మళ్ళీ బయల్దేరేది. అలా ఆగుతూ, ఒకరినొకరు గుద్దుకుంటూ, తిట్టుకుంటూ వచ్చాం.

పైన మీ వంటాయన వేడి వేడి సూపు పోశాడు. పోస్తూ పోస్తూ మాట్లాడాడు. "ఈ తాడు ముందే ఉంటే అధికారి గారు మేకల కొట్టంలో తేలేవారు కాదు కదండీ?" అన్నాను.

"ఏ అధికారి? ఆ రోజు తప్పిపోయింది మీ అత్తగారేనమ్మా! నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి మేకల మధ్య కూర్చుని వాటికి స్టోరు రూల్సు చెప్తోంది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

"మరి నాకు చెప్పేశారే?"

"కొండ మీద వాళ్ళకి చెప్పనని ఒట్టేశాను. మీరు కింద నుంచి వచ్చారుగా."

అత్తా! మురగబెట్టిన గుడ్డు అన్నావు, గుర్తుందా? పాపం పెద్దమనిషి, చదువుకున్నవాడు!

సరే, లెక్క. రుసుము, మందుల పెట్టె పోగా బూట్లకీ ప్రయాణానికీ కలిపి కొంచెం తక్కువ పడింది. అదనపు ఆటగత్తెని తగ్గించేశాను. అయినా నాలుగొందల యాభై చాలలేదు, బూట్లు కొత్తవి కొని వాటికి పాత లేసులే కట్టాం. ముద్రగారు సవరించిన బడ్జెట్టు మీద ముద్ర కొట్టి, "వెళ్ళి లాగండి" అన్నారు.

కోడలు

•

స్టోరు గది
జీపు వచ్చిన రోజు

కోడలా,

వంటాయన నోట్లో నువ్వుగింజ నానదు. ఇకమీదట ఉప్పు కూడా లెక్కపెట్టి ఇస్తాను.

అవును, నేనే. ముప్ఫై ఏళ్ళు స్టోరు నడిపినదాన్ని. ఏ డబ్బాలో ఎన్ని మేకులున్నాయో నిద్రలో లేపినా చెప్తాను. అలాంటిదాన్ని నా గదికీ స్తంభానికీ మధ్య తప్పిపోయానని ఎలా రాయను? పైగా ఆ ఉత్తరంలోనే పైన నీకు నీతులు రాసి ఉన్నాను. చెప్పడం తేలికే. మేకలు బాగా వింటాయి, అది వేరే సంగతి. ఆ రోజు భయమేసింది, కోడలా. ఎటు చూసినా తెల్లగానే ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పడం లేదు.

దారిలో మొహం తిప్పుకున్నది, అత్తాకోడళ్ళు కూడబలుక్కున్నారని ఎవరూ అనకూడదని. అదీ కాక, చెక్కు కాగితాల మీద సంతకాలు పడే దాకా నేను కొండ మీద ఉండకూడదు. తాడు కింద నలిగిపోతూ నడుస్తున్న నిన్ను చూసి కళ్ళు తుడుచుకోవడం డ్రైవరు చూశాడు. దుమ్ము అని చెప్పాను. మంచులో దుమ్మేంటని అడగలేదు. మంచివాడు.

ఒక్క మాట. అదనపు ఆటగత్తెని తీసేశావా? మొదటి బడ్జెట్టులో అనుకోని ఖర్చుకి పదో వంతు ఉంచావు సరే, అనుకోకుండా ఎవరి కాలన్నా బెణికితే ఏం పెడతావు? కావాలంటే నీ టిక్కెట్టు మానుకుని ఆ పిల్లని తీసుకెళ్ళు.

అత్త

•

పోటీల ఊరు, అతిథిగృహం, తొమ్మిది మందికి ఒకటే అద్దం ఉన్న గది
ఆదివారం మధ్యాహ్నం

అత్తా,

నీ ఉత్తరం బస్సెక్కుతుండగా అందింది. అప్పటికే టిక్కెట్లన్నీ కొనేశాం. ఇది నేను చెప్తుంటే లంగరక్క రాస్తోంది. నా రెండు అరచేతులూ బొబ్బలెక్కి కట్లలో ఉన్నాయి. (దస్తూరి బాగోలేకపోతే క్షమించండి. నేను ఎక్కువగా ఆవుల మందుచీట్లు రాస్తాను.)

నువ్వన్నట్టే అయింది. పిట్ట బస్సు దిగుతూ కాలు బెణికించుకుంది. చీలమండ బంతిలా వాచింది. ఈ ఆటలో ఎనిమిది మంది బరువూ కలిపి అయిదు వందల కిలోలు దాటకూడదు. మిగిలిన ఏడుగురూ కలిపి నాలుగు వందల యాభై ఆరు. (అందులో నేనెంతో రాయను.) అంటే నలభై నాలుగు కిలోల్లోపు మనిషి కావాలి. అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. నేను నలభై మూడు. "నేను బిల్లులు కట్టడానికి వచ్చాను!" అని అరిచాను. (తలుపు వైపు పరిగెత్తింది కూడా. పట్టుకున్నాం.)

పిట్ట బూట్లు నాకు రెండు సైజులు పెద్దవి. తాడు కోసం రాయించుకున్న ధరల కాగితాలు ముందు కుక్కి తొడుక్కున్నాను. ఎనిమిది మందిలో నన్ను నాలుగో చోట నిలబెట్టారు, ముందూ వెనకా గోడల్లాంటి వాళ్ళు ఉండేట్టు. తాడోపేడో తేల్చుకుందాం అనుకున్నాను.

మూడింటిలో రెండు లాగులు గెలిచినవాళ్ళది ఆట. అవతలి జట్టువాళ్ళు మమ్మల్ని చూశారు. నన్ను చూశారు. వాళ్ళ లంగరు నా బూట్లు చూసి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. రిఫరీ "లాగండి!" అన్నాడు. నవ్వే మనిషికి నడుములో పట్టుండదు, అత్తా! వాళ్ళు తేరుకునేలోపు నాలుగు మీటర్లు లాగేశాం. ఆరేళ్ళలో మొట్టమొదటి లాగు! (ఏడ్చాను. రాసుకోండి, పర్లేదు.)

రెండోసారి వాళ్ళు నవ్వలేదు. తీగ మీద తువ్వాలు లాగినట్టు లాగేశారు. మూడోది మూడు నిమిషాల నలభై సెకన్లు. ఓడిపోయాం. గౌరవంగా ఓడిపోయాం. అంతే. ఖర్చు లెక్కలన్నీ చూసుకున్నాను, నూట పది మిగిలింది. కట్లు మార్పించుకోవడానికి వెళ్తున్నాను, మిగతాది అక్క ముగిస్తుంది.

కోడలు

అత్తయ్యగారూ, ఇక్కడి నుంచి రాసేది నేను. ఆమె గదిలో లేదు. తను చెప్పనిది ఒకటుంది, మీకు తెలియాలి.

మూడో లాగు అయిపోయి ఈల వేశాక మేం ఏడుగురం తాడు వదిలేశాం. ఆమె వదల్లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది, ఈల వినపడలేదు. అవతలి వాళ్ళు ఊపు మీద ఉన్నారు. బోర్లా పడ్డ మనిషిని గడ్డి మీద జరజరా ఈడ్చుకుపోయారు. ఒక బూటు ఊడి, అందులోంచి కాగితాలు మైదానమంతా ఎగిరాయి. "వదిలెయ్యవే!" అని అరిచాను. నోటినిండా గడ్డితోనే, "వదిలితే ఓడిపోతాం!" అని తిరిగి అరిచింది.

అప్పటికే ఓడిపోయామని ఆమెకి తెలీదు. ఏం చెయ్యాలో తోచక పరిగెత్తుకెళ్ళి ఆమె వెనకే తాడు పట్టుకున్నాం. పిట్ట కూడా కుంటుకుంటూ వచ్చి పట్టుకుంది. అవతలి వాళ్ళు నవ్వుతూనే మళ్ళీ కాళ్ళు నేలకి తన్నిపెట్టి లాగారు. రిఫరీ ఈల మీద ఈల వేస్తున్నాడు, ఎవరూ వినలేదు. తొమ్మిది మందిమి, బరువు ఎంతో ఎవరూ తూచలేదు. అంగుళం అంగుళం వెనక్కి వచ్చాం.

ఆ నాలుగో లాగు ఎవరి పుస్తకంలోనూ ఎక్కదు అత్తయ్యగారూ. అది మేమే గెలిచాం.

ఆమె వస్తోంది. కవరు అంటించేస్తున్నాను.

లంగరు